చేపనీళ్ళ దడి

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసేసరికి, బరంపురం లంజిపల్లిలో మా ఇంటి తులసికోట దగ్గర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. పొద్దున్నే పెరట్లోకి వెళ్ళొచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగిందట. బావ చెంబు తెచ్చేలోగా అంతా అయిపోయింది. ఆ కబురు విని మా ఆయన తల్లి చేతులు జోడించి, "కార్తీకంలో పోయింది, ఎంత పుణ్యం చేసుకుందో" అన్నారు. పక్క వాటా ఆవిడా అదే అంది. అస్కా బస్సులో కలిసిన దూరపు చుట్టం కూడా అదే మాట అన్నాడు. అందరూ ఓదార్పుకే అన్నారు, కాదనను. కానీ విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండింది. కార్తీకమాసం మా అత్తకి ఏం మిగిల్చిందో దగ్గరుండి చూసినదాన్ని. చదివేవాళ్ళు ఓపిక చేసుకుంటే, ఆ సంగతే చెప్పుకుంటాను.

అత్త మా నాన్నకి అక్క. ఇచ్ఛాపురం వైపు పల్లెలో పుట్టి, ఒడిశాలో అస్కా దాటాక ఉన్న ఒక ఊరికి కోడలిగా వెళ్ళింది. ఆ ఊళ్ళో తెలుగిళ్ళు తక్కువ, మిగతా అంతా ఒడియావాళ్ళు. అక్కడి చేలల్లో కృష్ణజింకలు మేకల మందల్లా తిరుగుతుంటాయి. వాటి మీద ఎవరూ చెయ్యెత్తరు. జింక తొక్కిన నేల మీద వాన పడుతుందని వాళ్ళ నమ్మకం. సగం పెసరచేను మేసిపోయినా రైతు గట్టు మీద నిలబడి చూసి, బీడీ వెలిగించుకుని ఇంటికి పోతాడు. ఇదంతా తెలియని కొత్త కోడలు వెళ్ళిన కొన్నాళ్ళకే ఒక జింక మీదకి మట్టిబెడ్డ విసిరింది. అది తగల్లేదు కూడా. అయినా ఎదురింటావిడ పరుగున వచ్చి చెయ్యి పట్టేసుకుంది. ఆవిడని మేమంతా మావుసి అంటాం, ఒడియాలో పిన్ని అని. అత్తకీ ఆవిడకీ స్నేహం ఆ చెయ్యి పట్టుకోవడంతోనే మొదలైంది. మావుసి మాట్లాడేది ఒడియానే, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

మావయ్య చిన్న వయసులోనే పోయాడు. చెరుకు బండి తిరగబడి మీద పడింది. ఇక అత్తకి మిగిలింది ఇంటి వెనక పెరడూ, చంకలో బావా. ఆ పెరట్లో వంగ, టమాటా, చిక్కుడు, చలికాలం వస్తే కోబీపువ్వు వేసి, తట్ట నెత్తిన పెట్టుకుని అస్కా సంతకి వెళ్ళేది. ఇల్లు గడవడం, బావ చదువు, తర్వాత అతను పెట్టుకున్న ట్రాక్టరు సామాన్ల కొట్టు, అన్నీ ఆ పెరట్లోంచి వచ్చినవే. అయితే జింకకి చేలో పెసర కన్నా పెరట్లో లేత కోబీ నారు మీద మనసెక్కువ. పెద్ద రైతుకి సగం చేను పోయినా సగం ఉంటుంది. అత్తకి నారు పోతే ఆ చలికాలం పోయినట్టే. జింక మీద చెయ్యెత్తకూడదు, జింకని తిననివ్వకూడదు. మా అత్త బతుకంతా ఈ రెంటి మధ్యే నలిగింది.

ఆవిడ పడ్డ పాట్లు తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మంగలి దగ్గర్నుంచి గోనెసంచీతో జుట్టు తెచ్చి దడి పొడుగునా పరిచింది. మనిషి వాసనకి జింక రాదని ఎవరో చెప్పారట. సాయంత్రం గాలికి ఆ జుట్టంతా లేచి వెళ్ళి మావుసి ఎండబెట్టుకున్న వడియాల మీద పడింది. కొన్నాళ్ళు రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. రేకు డబ్బాలు కడితే వాటి చప్పుడుకి కోళ్ళు గుడ్లు మానేశాయని పక్కింటాయన తగువుకొచ్చాడు. పాత చీరలు గాలికి ఎగిరేలా కట్టింది. మర్నాడు ఒక లేడి ఆ చీర నీడలోనే పడుకుని తాపీగా నెమరేస్తోంది. పుల్లమజ్జిగలో కోడిగుడ్డు కొట్టి, మురగబెట్టి చల్లితే మాత్రం జింకలు కొంచెం జంకాయి. కానీ గుడ్డు పిల్లాడికి పెట్టుకోకుండా దడికి పెట్టడమేమిటని అత్తే మానేసింది.

చివరికి నిలబడింది చేపనీళ్ళు. సముద్రం ఒడ్డున ఉన్న మార్కండి నుంచి ఎండుచేపలు తెచ్చి అస్కా సంతలో అమ్మే తెలుగావిడ ఒకామె, అత్త పక్కనే తట్ట దించుకునేది. సంత అయ్యాక అడుగున మిగిలిన పొట్టూ తలకాయలూ అత్తకి ఇచ్చేసేది. అత్త వాటిని కుండలో వేసి, నీళ్ళు పోసి, వేపాకు నలిపి కలిపి, మూత పెట్టి పశువులపాక వెనక ఉంచేది. నాలుగు ఎండలు తగిలాక ఆ మూత తీస్తే మనం వీధిలోకి పారిపోవాల్సిందే. వేపరెమ్మ ఆ నీళ్ళల్లో ముంచి దడి మీదా, దడి అవతల నేల మీదా చల్లేది. మొక్కల మీద చుక్క పడనిచ్చేది కాదు. జింకలు వచ్చి, ముక్కులెత్తి వాసన చూసి, వెనక్కి మళ్ళేవి. చిన్నప్పుడు ఒకసారి నాకు వాటి మీద జాలేసి, "అత్తా, ఆటికి ఆకలేస్తాది గదా" అన్నాను.

"ఆటికి ఊరంతా సేనుంది. నాకీ పెరడే ఉంది" అంది అత్త, రెమ్మ విదిలిస్తూ. "కొట్టకుండా పొమ్మని సెప్పాల. సెవికి సెప్తే ఇనవు. ముక్కుకి సెప్తే ఇంతాయి."

ఆ వాసన అత్త చేతులకి అంటుకుపోయింది. సబ్బుతో తోమినా, పేడ అలికినా, ఊరగాయ కలిపినా అడుగున అది ఉండేది. సెలవులకి వెళ్ళినప్పుడు ఆవిడ నా తల దువ్వి జడ వేస్తుంటే ఊపిరి బిగపట్టుకుని కూర్చునేదాన్ని. "ఏటే, ముక్కు మూసుకుంతన్నావు, నీ పెళ్ళికి అత్తరు పూసుకొత్తాన్లే" అని నెత్తి మీద మొట్టేది.

చిక్కంతా కార్తీకంతోనే వచ్చేది. ఒడియావాళ్ళ కార్తీకం దసరా తర్వాతి పున్నమికి మొదలవుతుంది. మనది దీపావళి వెళ్ళాక గానీ రాదు, వాళ్ళది అయిపోయాక కూడా అమావాస్య దాకా నడుస్తుంది. తెలుగింట పుట్టి ఒడియా ఊళ్ళో కాపరం చేసే ఆడదానికి రెండూ విడవబుద్ధి కాదు. మా అత్త రెండూ పట్టేది. నెలన్నర పాటు ఇంట్లో చేప మాట ఉండదు. ఊళ్ళో ఎవరూ తినరు, సంతలో మార్కండి ఆవిడ కూడా తట్ట దించదు. సరిగ్గా అప్పుడే నారు నాటేది. చేపనీళ్ళు ఆగిపోయాయని జింకలకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏటా ఆ నెలన్నరా అత్త పొద్దున్నా సాయంత్రమూ దడి పక్కన చాప వేసుకుని కూర్చుని, చేతులు చరుస్తూ, బతిమాలుతూ, సగం నారు పోగొట్టుకునేది.

నాకు పెళ్ళయిన కొత్తలో, ఒక ఏడు దసరా ముందు, మార్కండి ఆవిడ తమ ఇంట్లో చిరిగిన వల ఒకటి పడుందనీ, కావాలంటే పట్టుకుపొమ్మనీ అంది. అత్త మొహం విప్పారిందట. చేపని ముట్టకూడదు గానీ వలని ముట్టుకుంటే తప్పేముంది? వాసన ఎలాగూ వలలోనే ఉంటుంది. ఇంత మంచి ఉపాయం ఇన్నేళ్ళూ తట్టనందుకు తనని తానే తిట్టుకుంది. వ్రతానికి వ్రతం, నారుకి నారు. ఆ నైలాను వలని దడి పొడుగునా కట్టి, నన్ను చూడ్డానికి రమ్మని కబురు పెట్టింది. నేను వెళ్ళిన రోజు సాయంత్రం నన్ను పెరట్లో నిలబెట్టి వల చూపించి, "ఎలాగుంది మీ అత్త తెలివి?" అంది. నిజంగానే బాగుందనుకున్నాను.

మర్నాడు ఎండ ఎక్కాక పెరట్లోంచి గుడ్డ చింపుతున్నట్టు చప్పుడొచ్చింది. వెళ్ళి చూస్తే పెద్ద మగ జింక. నల్లటి వీపు, మెలి తిరిగిన కొమ్ములు. ఆ మెలికల్లో వల చుట్టుకుపోయింది. అది గుంజుకున్నకొద్దీ బిగుస్తోంది. అత్త కొడవలి తీసుకుని పరుగెత్తింది. మావుసి, ఇరుగుపొరుగు మగవాళ్ళు వచ్చారు. ఇద్దరు దాన్ని కదలకుండా పట్టుకుంటే, అత్త వలని పోగు పోగునా కోసింది. వల ఊడిపోయింది. ఒంటి మీద గీత కూడా లేదు. ఇక లేస్తుందని అందరం వెనక్కి జరిగి దారి ఇచ్చాం. అది కాళ్ళు చాపి, ఒళ్ళంతా ఒకసారి వణికి, ఆగిపోయింది.

"బెదురుకే ప్రాణం పోతుంది వీటికి" అన్నాడు ఒక ముసలాయన.

అత్త నారుమడిలోనే కూలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. మగవాళ్ళు జింకని మోసుకెళ్ళి చేను చివర గొయ్యి తీసి పూడ్చారు. మావుసి దాని మీద ఇంత కుంకుమా, మందారాలూ వేసి, స్నానం చేసి ఇంట్లోకి పోయింది. ఆ వీధిలో మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. కనబడితే పలకరించేవాళ్ళు, ఆ సంగతి మాత్రం ఎత్తేవాళ్ళు కాదు. నేను బయల్దేరుతుంటే అత్త గుమ్మంలో నిలబడి, "ఒక్కరైనా తిట్టలేదే అమ్మీ. తిట్టుంటే, తిరిగి నాలుగనీసి, ఏడిసి ఊరుకునేదాన్ని" అంది.

మరుసటి ఏడు వానలు సరిగ్గా పడలేదు. బరంపురంలోనూ పడలేదు, జిల్లా మొత్తం పడలేదు. నీ పెరట్లో వలకీ గంజాం జిల్లా మబ్బులకీ ఏమిటి సంబంధమని ఫోన్లో వాదించాను.

"నీకేటి తెలుస్తాది" అంది. "మీ లంజిపల్లిలో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. ఇక్కడోళ్ళు మబ్బుకాసి సూసి, తరవాత నాకాసి సూత్తారు."

వాళ్ళు నిజంగా చూశారో, ఆవిడకి అలా తోచిందో నాకు తెలియదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అంతకుముందే వల తీసేసిన అత్త, ఆ ఏడు దడి కూడా పీకేసింది. నాది తిని బతకనీ అంది. బావ కాలేజీ చదువు సగంలో ఉంది. నాన్న వెళ్ళి నచ్చజెప్పబోతే, అన్నం పెట్టి పంపేసింది గానీ దడి మాట ఎత్తనివ్వలేదు. జింకలు ముందు పెరట్లోకి వచ్చాయి. తర్వాత వాకిట్లోకి వచ్చాయి. తర్వాత వీధిలోకి వచ్చి మావుసి తులసిచెట్టు కూడా నాలుగు రెబ్బలు కొరికాయి. పట్టపగలే ఇళ్ళ మధ్య తిరగడం నేర్చాయి. టీకొట్టు దగ్గర పడుండే ఊరకుక్కలు వాటిని చూడటం నేర్చాయి. ఒక మధ్యాహ్నం కుక్కలన్నీ కలిసి అత్త వాకిట్లోనే ఒక జింకపిల్లని చీల్చేశాయి. జనం కర్రలతో వచ్చేసరికే అయిపోయింది.

అప్పుడు మావుసి నోరు విప్పింది. అత్త ఎదురుగా నిలబడి, వీధంతా వినేలా అంది. "నువ్వే పిలిచావు. దడి తీసేసి ఊళ్ళోకి పిలిచావు. పిలిచినదానివి కుక్కల్ని కూడా ఆపుకోవాలి కదా. నీ బాధ తీర్చుకోవడానికి దాన్ని చంపావు, దీన్నీ చంపావు."

కోరుకున్న తిట్టు అలా దొరికింది. తిరిగి ఒక్క మాట అనలేదు అత్త. ఆ వారమే మళ్ళీ దడి కట్టింది. మళ్ళీ కుండ పెట్టింది. ఈసారి కార్తీకం వచ్చినా కుండ తీయలేదు. దసరాకి ముందే ఎండుచేపల పొట్టు దాచిపెట్టుకుని, ఒడియా కార్తీకమంతా, మన కార్తీకమంతా, పొద్దునా సాయంత్రమూ ఆ నీళ్ళు చల్లింది. అప్పట్నుంచి పోయేదాకా ఏటా అంతే.

ఇది ఎంత పనో బయటివాళ్ళకి అర్థం కాదు. ఆ ఊళ్ళల్లో భర్త పోయిన ఆడవాళ్ళు కార్తీకంలో హబిస వ్రతం పడతారు. తెల్లారకుండా స్నానం, ఒంటిపూట చప్పిడి అన్నం, తులసి చుట్టూ రంగురంగుల ముగ్గులు, సాయంత్రం అందరూ ఒకచోట చేరి పురాణం వినడం, కుదిరితే జట్టుగా పూరీ వెళ్ళడం. మిగతా ఏడాదంతా పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెనక వరసలో నిలబడే ఆడవాళ్ళకి ఆ ఒక్క నెలా తమది. మావయ్య పోయిన ఏడే మావుసి మా అత్తని తన జట్టులో కూర్చోబెట్టుకుంది. చేపనీళ్ళు ముట్టిన చేతులతో ఆ జట్టులో కూర్చోవడం కుదరదు. పొమ్మని ఎవరూ అనలేదు. అత్తే వెళ్ళడం మానేసింది.

మా అత్త ఇదంతా చిరునవ్వుతో చేసిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ నెలన్నరా ఆవిడ జోలికి వెళ్ళడానికి బావ కూడా భయపడేవాడు. సాయంత్రం ఎదురింట్లోంచి ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ పెట్టే హుళుహుళి కూత వినబడగానే పెరట్లో తప్పాలాలు ఠంగుమనేవి. కోడలి వంటకి వంకలు పెట్టేది. ముగ్గు రంగులు మాత్రం సంతలో కొనుక్కొచ్చి, కోడలి చేత మావుసికి పంపేది. కొట్టు బాగా నడిచాక బావ ముళ్ళతీగ వేయిస్తానన్నాడు.

"కొమ్ములకి వల అయింది, ఇంక కడుపుకి ముళ్ళేటి?" అని ఆ మాట అక్కడితో తుంచేసింది.

నేనే ఒకసారి, కార్తీకం అయ్యాక పూరీ తీసుకెళ్తానన్నాను. దానికి అత్త అంది. "పూరీ ఎప్పుడైనా ఎల్లొచ్చే. ఆ నెల్లో, ఆలందరితోటీ ఎల్లడం ఏరు. నాకాశ నేదనుకున్నావేటి?"

"మరి మానీ. నారు పోతే పోనీ. ఇప్పుడు బావ సూసుకుంతన్నాడు గదా" అన్నాను.

"నారుకోసం అనుకుంతన్నావా ఇంకా?" అంది.

కుక్కలు చీల్చిన పిల్ల నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇందులో ఏది పుణ్యమో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. రెండు జింకలకి బదులుగా ఒక మనిషి ఇన్ని కార్తీకాలు వదులుకోవాలా? ఎవరు అడిగారు ఆవిడని? ఈ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఆ రోజు బస్సులో ఆ చుట్టం మీద విసుక్కున్నాను.

నేను వెళ్ళేసరికి అత్తని వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించేటప్పుడు మావుసి వచ్చింది. ఆవిడ హబిసలో ఉంది. వ్రతంలో ఉన్నవాళ్ళు శవాన్ని ముట్టుకుంటే ఆ ఏటికి వ్రతం చెడినట్టే. ఎవరో ఆ మాట గుర్తు చేశారు కూడా. మావుసి వినిపించుకోలేదు. అత్త చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కుంకుడురసంతో తోమింది, నిమ్మచెక్కతో తోమింది, గోళ్ళ సందుల్లో పుల్లతో శుభ్రం చేసింది. "వాసనతో పంపకూడదు, ఇలా పంపకూడదు" అని తనలో తను అనుకుంటూ, మళ్ళీ మొదట్నుంచీ తోమింది. తర్వాత గంధం రాసింది. నేను వంగి అత్త చేతిని మొహానికి ఆనించుకున్నాను. గంధం తప్ప ఏమీ లేదు. అంతవరకు ఆపుకున్న ఏడుపు అప్పుడు ఆగలేదు. ఆ చెయ్యి మా అత్తది కాదనిపించింది.

మర్నాడు పొద్దున్న పెరటి వైపు వెళ్తే, దడి అవతల జింకల మంద నిలబడి ఉంది. ఒక పిల్ల అప్పటికే దడి సందులోంచి తల దూర్చి కోబీ ఆకు లాగుతోంది. అత్త పోయాక ఎవరూ నీళ్ళు చల్లలేదు. వీధి చివర కుక్కలు లేచి నిలబడ్డాయి. బావ నా వెనకే వచ్చి, "ఒగ్గీ, మైల్లో ఆ కుండ ముట్టుకోకు. కర్మ అయినాక తీగేయించేత్తాను" అన్నాడు. అతని కళ్ళు వాచి ఉన్నాయి, పోట్లాడబుద్ధి కాలేదు. కర్మ అయ్యేదాకా జింకలు ఆగుతాయా, కుక్కలు ఆగుతాయా? పాక వెనక్కి వెళ్ళి కుండ తెచ్చి, మూత తీసి, వేపరెమ్మ విరిచాను. ఇంటినిండా చుట్టాలున్నారు. అందరూ నా చేతులకేసే చూస్తారని తెలిసి, ఆ రెమ్మ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

పక్కనుంచి మావుసి వచ్చి నా చేతిలో రెమ్మ తీసేసుకుంది.

"నువ్వు నలుగురిలో కూర్చోవాలి" అంది. "నాది ఈ ఏటికి ఎలాగూ చెడింది."

చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెమ్మ ముంచి విదిలించింది. ఆవిడకి చేతకాలేదు. చుక్కలన్నీ నారు మీద పడ్డాయి. మొక్కల మీద కాదు, దడి మీదా అవతలా చల్లాలని చెప్పాను. తల ఊపి, ఒంగి, దడి వెంబడే నడవడం మొదలుపెట్టింది. పిల్ల తల వెనక్కి తీసుకుంది. మందలో ఒక్కొక్కటే ముక్కులెత్తి, వెనక్కి తిరిగి, పరుగెత్తకుండా చేలోకి నడిచి వెళ్ళాయి. అవి దూరమైపోయాక కూడా మావుసి ఆగలేదు. చెంగు ముక్కు మీంచి జారి భుజం మీద పడింది. దాన్ని సర్దుకోకుండానే, ఇంకో చెయ్యి కూడా కుండలో పెట్టి, దడి చివరిదాకా చల్లుకుంటూ పోయింది.